ఏ నేల వైన్‌కు ఏ వంట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలా వరకు ఒకే విషయం అడిగాయి. ఒక్కో ప్రాంతపు వైన్‌ను ఎలా తెలుసుకోవాలి, దాని పక్కన ఏ వంటకం పెట్టాలి అని. నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు. చాలా ఏళ్లు రెస్టారెంట్‌లో వైన్ వడ్డించే పని చేశాను. సీసా తెరిచి పోశాక, మొదటి గుక్క తాగిన మనిషి ముఖంలో వచ్చే మార్పు చూసి నేర్చుకున్నదే ఎక్కువ. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: వైన్ గురించి మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది. ఏ పుస్తకం తెరిచినా వందల ద్రాక్ష రకాలు, లెక్కలేనన్ని ఊర్లు. ద్రాక్షలతో మొదలుపెట్టాలా, దేశాలతోనా? (ఒక ఉపాధ్యాయిని)

జవాబు: రెండింటితోనూ వద్దండీ. ఒక్క ప్రాంతం పట్టుకోండి. ఆ ప్రాంతపు భోజనాన్ని మొదటి వంటకం నుంచి చివర్లో వచ్చే తీపి దాకా వరసగా తీసుకుని, దేని పక్కన అక్కడివాళ్లు ఏ వైన్ పెడతారో చూడండి. నన్నడిగితే ఇటలీ వాయవ్యంలోని పియెమోంతే దగ్గర మొదలుపెట్టమంటాను. అక్కడి లాంగే కొండల మీద పక్కపక్క తోటల్లోనే ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలని ద్రాక్షలు పండుతాయి. ఆ తేడాల్లోనే మీకు కావలసిన పాఠం అంతా ఉంది.

బార్బెరా ద్రాక్షలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. మాంసం కూరిన చిన్న చిన్న పాస్తా పొట్లాలను అక్కడ వెన్నతో వడ్డిస్తారు. వాటి పక్కన బార్బెరా పోస్తే, నాలుక మీద పేరుకున్న వెన్నను ఆ పులుపు కడిగేస్తుంది. తరువాతి ముద్ద మళ్లీ మొదటి ముద్దలా రుచిస్తుంది. ఇక నెబ్బియోలో సంగతి వేరు. బరోలో, బార్బరెస్కో వైన్లు దానితోనే చేస్తారు. రంగు పలచగా ఉంటుంది గాని వగరు మాత్రం నోటిని బిగించేస్తుంది. వగరు పదార్థాలు, అంటే టానిన్లు, మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. లాలాజలంలోని జారుడుతనం పోయి నోరు ఎండినట్టు అనిపించేది అందుకే. మాంసపు ప్రొటీన్లు, కొవ్వు నోట్లో ఉన్నప్పుడు ఆ టానిన్లలో కొన్ని వాటికే అతుక్కుపోతాయి, వగరు తగ్గుతుంది. గొడ్డు మాంసాన్ని బరోలోలోనే గంటల కొద్దీ సన్నని సెగ మీద ఉడికించి, అదే వైన్‌తో వడ్డించడం వెనక ఉన్న తర్కం ఇది. కాలం కూడా వగరును కొంత లొంగదీస్తుంది. బరోలోను కనీసం 38 నెలలు నిలవ ఉంచాలని, అందులో 18 నెలలు కొయ్య పీపాల్లోనే ఉండాలని నిబంధన. దీన్ని నేను చాదస్తం అనుకోను. ఆ ద్రాక్ష స్వభావం తెలిసినవాళ్లు పెట్టిన నిబంధన అది.

చివర్లో మోస్కాతో దాస్తి. తియ్యగా, చిన్న నురగతో ఉంటుంది, ఆల్కహాల్ 5 శాతం దగ్గరే. అదే కొండల్లో పండే హేజెల్‌నట్లతో చేసే కేకు పక్కన దాన్ని పోస్తారు. కేకుతో బరోలో తాగి చూడండి, అంత గొప్ప వైన్ కూడా పుల్లగా, చేదుగా మారిపోతుంది. తీపి వంటకం పక్కన పెట్టే వైన్‌లో కనీసం అంత తీపి ఉండాలి. ఈ రంగంలో దాదాపు మినహాయింపు లేని నియమం ఏదైనా ఉంటే ఇదే.

తాగే పద్ధతి కూడా చెబుతాను. ముందు వైన్ ఒక గుక్క. తరువాత వంటకం ఒక ముద్ద. మింగాక మళ్లీ వైన్. మొదటి గుక్కకూ రెండో గుక్కకూ మధ్య ఏం మారిందో ఒక్క వాక్యంలో రాసుకోండి: పులుపు తగ్గిందా, వగరు పెరిగిందా, పండు వాసన పైకి వచ్చిందా? పదజాలం గురించి బెంగ పెట్టుకోకండి. బ్లాక్‌కరెంట్, సిగార్ పెట్టె లాంటి మాటలు ఇప్పుడప్పుడే అక్కర్లేదు. పులుపు, తీపి, వగరు, చేదు, ఉప్పు, కొవ్వు, ఆల్కహాల్ మంట అనే ఏడు మాటలతో చాలా దూరం వెళ్లవచ్చు.

ప్రశ్న: ఒకే నేలలో పుట్టిన వైన్, వంట ఒకదానికొకటి నప్పుతాయని అంటారు. ఇది నిజమేనా, లేక పర్యాటకుల కోసం చెప్పే కథా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: సగం నిజం. ఆ సగం చాలా అందమైన నిజం కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే చోట, నాంత్ నగరం చుట్టూ, మస్కదే అనే తెల్ల వైన్ చేస్తారు. ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోన్. పెద్దగా సువాసనలు లేని ద్రాక్ష. 1709లో వచ్చిన భయంకరమైన చలికి ఆ ప్రాంతపు తోటలు నాశనమయ్యాక, మంచును తట్టుకుంటుందని దీన్ని విస్తారంగా నాటారు. పులిసిన తరువాత అడుగున చేరిన ఈస్ట్ మడ్డిని తీసివేయకుండా నెలల తరబడి దాని మీదే ఉంచుతారు. దానివల్ల వైన్‌కు కొంచెం నిండుతనం, రొట్టె పిండిని తలపించే రుచి వస్తాయి. పక్కనే అట్లాంటిక్ సముద్రం, పచ్చి ఆయిస్టర్లు, అంటే సముద్రపు చిప్పల్లోని మెత్తని జీవులు. ఆయిస్టర్‌లో ఉప్పు, లేత తీపి, సముద్రపు నీటి రుచి ఉంటాయి. సువాసనలు గుప్పించే వైన్ పోస్తే అవన్నీ మునిగిపోతాయి. మస్కదే నిమ్మరసం పిండినట్టు పనిచేసి పక్కకు తప్పుకుంటుంది. అణకువ గల వైన్ అని దాన్ని తక్కువ చేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. బల్ల మీద మరొకదానికి చోటివ్వడం చిన్న గుణమేమీ కాదు.

అదే నది వెంట ఎగువకు వెళితే సాన్‌సేర్ వస్తుంది. అక్కడ షవిన్యోల్ అనే ఊరి కొండల మీద సోవిన్యోఁ బ్లాఁ ద్రాక్ష పండుతుంది, అదే ఊరి పేరుతో మేకపాల చీజ్ తయారవుతుంది. మేకపాల చీజ్ స్వతహాగా పుల్లనిది. పులుపు తక్కువ ఉన్న వైన్ దాని పక్కన చప్పబడుతుంది. సాన్‌సేర్‌లో పులుపు దానికి సరిజోడు.

నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది మాత్రం ఫ్రాన్స్ తూర్పున, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న జురా. అక్కడ సవాన్యాఁ ద్రాక్షతో వాఁ జోన్ అనే పసుపుపచ్చని వైన్ చేస్తారు. మామూలుగా పీపాలో వైన్ కొంత ఆవిరైతే ఎప్పటికప్పుడు నింపుతారు, గాలి తగలకుండా. ఇక్కడ నింపరు. ఖాళీ అయిన చోట వైన్ ఉపరితలం మీద ఈస్ట్ ఒక పొరలా కడుతుంది. ఆ పొర కింద వైన్ కనీసం 60 నెలలు ఉండాలి. చివరికి 62 సెంటీలీటర్లు పట్టే పొట్టి సీసాల్లో నింపుతారు. ఇలా చేసిన వైన్‌లో సోటొలోన్ అనే పదార్థం తయారవుతుంది. మెంతుల వాసనకు మూలం కూడా అదే. అక్రోట్లు, ఎండిన ఆపిల్, మెంతులు, కాస్త ఉప్పు తగిలినట్టుండే రుచి. మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది ఇది చెడిపోయిందేమో అని అడిగేవారు. నేను జవాబు చెప్పకుండా ఒక చిన్న కోంతె చీజ్ ముక్క వాళ్ల పళ్లెంలో పెట్టేదాన్ని. అదే జురా పర్వతాల్లో ఆవుపాలతో చేసి నెలల తరబడి మాగబెట్టే చీజ్ అది. దానిలోనూ అక్రోటు వాసన, దానిలోనూ ఉప్పు. రెండో గుక్కకు ఆ అనుమానం ఉండేది కాదు.

ఇప్పుడు మిగిలిన సగం. స్పెయిన్ దక్షిణాన హెరెస్ ప్రాంతంలో ఫినో అనే షెర్రీ వైన్‌ను కూడా ఇలాగే ఈస్ట్ పొర కింద పెంచుతారు. ద్రాక్ష వేరు, పలోమినో. నేల వేరు, తెల్లని సున్నపు మట్టి. ద్రాక్ష రసం పులిశాక స్పిరిట్ కలిపి ఆల్కహాల్‌ను 15 శాతానికి తెస్తారు. అయినా కోంతె పక్కన ఫినో పెట్టి చూడండి, చక్కగా నప్పుతుంది. రెండింటికీ చుట్టరికం నేల వల్ల వచ్చింది కాదు, ఈస్ట్ పొర వల్ల వచ్చింది. పోర్చుగల్ పోర్ట్ వైన్‌కు ప్రసిద్ధమైన జోడీ ఇంగ్లండ్‌లో చేసే స్టిల్టన్ చీజ్. ఫ్రాన్స్‌లోని సోతెర్న్ ఊరి తియ్యని వైన్‌తో తినే రోక్‌ఫోర్ చీజ్ ఎక్కడో దూరాన గుహల్లో మాగుతుంది. ఇటలీ సాన్జొవేసె ద్రాక్షకూ టమాటా సాస్‌కూ ఉన్న పొత్తు అనాది నుంచీ ఉన్నట్టు కనిపిస్తుంది. టమాటా అమెరికా ఖండం నుంచి ఐరోపాకు వచ్చిందే 16వ శతాబ్దంలో, వంటింట్లో స్థిరపడడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

కాబట్టి నా సలహా ఇది. ఊరి జోడీని మొదట నమ్మండి, ఎందుకంటే తరతరాల వాళ్లు తిని, తాగి, నచ్చనిది వదిలేసి దాన్ని మిగిల్చారు. తరువాత అది ఎందుకు నప్పిందో వెతకండి. కారణం దొరికితే దాన్ని మరో ప్రాంతానికి పట్టుకుపోవచ్చు.

ప్రశ్న: చేపతో ఎర్ర వైన్ తాగితే నోట్లో ఇనుము నాకినట్టు ఉంది. నా నాలుకదా లోపం? (ఒక విద్యార్థి)

జవాబు: మీ నాలుక బాగుంది, దాన్ని నమ్మండి. 2009లో జపాన్ పరిశోధకులు ఈ విషయం మీద పనిచేసి, దోషం చాలా వరకు వైన్‌లో ఉండే ఇనుముదని తేల్చారు. ఇనుము ఎక్కువ ఉన్న వైన్‌ను సముద్రపు ఆహారంతో తీసుకుంటే, అందులోని నూనెలు విడిపోయి నీచువాసన పుడుతుంది. ఎర్ర వైన్లలో తరచుగా ఇనుము ఎక్కువ ఉంటుంది గాని అన్నిటిలోనూ కాదు. అందుకే కొన్ని ఎర్ర వైన్లు చేపతో ఏ గొడవా చేయవు. పోర్చుగల్‌లో ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేపను ఎర్ర వైన్‌తో తినడం మామూలే. పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిన, వగరు తక్కువగా ఉండే ఎర్ర వైన్‌ను కొంచెం చల్లబరిచి, కాల్చిన సాల్మన్‌తో ప్రయత్నించండి. నూనె ఎక్కువగా ఉండే సార్డీన్‌లకు మాత్రం ఎర్ర వైన్ జోలికి పోవద్దు. పోర్చుగల్ వాయవ్యంలో చేసే వీన్యో వెర్దె అనే తేలికైన పుల్లని తెల్ల వైన్ వాటికి చాలు.

ప్రశ్న: మేము శాకాహారులం. వైన్ పుస్తకాలన్నీ ఎర్ర వైన్ అనగానే మాంసం అంటాయి. వగరైన వైన్ మాకు అందని పండేనా? (దంపతులు)

జవాబు: ఈ ఉత్తరం చదివి సంతోషించాను, ఎందుకంటే మీకోసం ఒక దేశమే ఉంది. జార్జియా.

నల్ల సముద్రానికి తూర్పున, కాకసస్ పర్వతాల దిగువన ఉన్న చిన్న దేశం అది. అక్కడ తవ్వకాల్లో దొరికిన మట్టి పాత్రల పెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లున్నాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. అవి క్రీస్తుపూర్వం 6000 ప్రాంతానివి. ఈనాటికీ అక్కడ భూమిలో మెడ దాకా పాతిన పెద్ద మట్టి కాగుల్లో వైన్ చేస్తారు. వాటిని క్వెవ్రీలంటారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మామూలుగా తెల్ల వైన్ చేసేటప్పుడు ద్రాక్ష రసం పిండి, తొక్కలు తీసేసి, ఒట్టి రసాన్నే పులియబెడతారు. జార్జియా తూర్పున కాఖేతీ ప్రాంతంలో తెల్ల ద్రాక్షను కూడా తొక్కలతో, గింజలతో, తరచు కాడలతో సహా కాగులో వేసి నెలల తరబడి ఉంచుతారు. అలా చేసిన ర్కాత్సితేలి వైన్ తేనె రంగులోకి, ఒక్కోసారి ఇంకా ముదురు రంగులోకి తిరుగుతుంది. తెల్ల ద్రాక్షదే అయినా దానిలో ఎర్ర వైన్ వగరు ఉంటుంది. ఎండిన ఆప్రికాట్ పండ్ల వాసనలు, చిక్కటి టీ డికాక్షన్ లాంటి పట్టు ఉంటాయి. దాని పక్కన ఏం తింటారో చూడండి. వేయించిన వంకాయ ముక్కల్లో వెల్లుల్లి కలిపి నూరిన అక్రోటు ముద్దను చుడతారు. పాలకూరను ఉడికించి, అక్రోట్లతో కలిపి ఉండలు కట్టి, పైన దానిమ్మ గింజలు చల్లుతారు. చిక్కుడు గింజలను మట్టికుండలో ఉడికించి కొత్తిమీర వేస్తారు. చీజ్ నింపిన రొట్టె కాలుస్తారు. ఇందులో మాంసం ఎక్కడా లేదు. అయితే అక్రోట్లలో నూనె ఉంది, గింజల్లో ప్రొటీన్ ఉంది, చీజ్‌లో రెండూ ఉన్నాయి. బరోలోకు ఉడికిన మాంసం చేసే ఉపకారమే ఇవి ఈ వైన్‌కు చేస్తాయి.

కాబట్టి వగరైన వైన్‌కు మాంసం కావాలన్న మాటను సరిచేసి గుర్తుపెట్టుకోండి. దానికి కావలసింది కొవ్వు, ప్రొటీన్, కొంచెం ఉప్పు. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది దానికి పట్టదు. నెబ్బియోలో సొంత ఊర్లో కూడా గుడ్డు పచ్చసొనలతో కలిపిన సన్నని పాస్తాను ఒట్టి వెన్నతో వండి, పైన ఆల్బా తెల్ల ట్రఫుల్ అనే, భూమిలో పెరిగే సువాసనల శిలీంధ్రాన్ని తురుముతారు. మీరు గుడ్డు తినేవాళ్లయితే అంతకన్నా మంచి జోడీ దొరకదు. పుట్టగొడుగులతో ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతపు పినో న్వార్ కూడా ప్రయత్నించండి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. పుట్టగొడుగుల లోతైన రుచి వైన్‌లోని చేదును కొంచెం పెంచుతుంది, ఉప్పు సరిగా వేస్తే అది అణుగుతుంది.

ప్రశ్న: కారం ఎక్కువగా తింటాను. ఏ వైన్ తాగినా మంటే మిగులుతోంది. (పేరు రాయలేదు)

జవాబు: సీసా మీద ఆల్కహాల్ శాతం చూడండి. 14, 15 శాతం ఉంటే దాన్ని మరో రోజుకు పక్కన పెట్టండి. మిరప మంటను ఆల్కహాల్ ఎగదోస్తుంది, వగరు దానికి తోడవుతుంది. మీకు కావలసింది జర్మనీ మోసెల్ లోయ. నది మలుపుల మీద, మనిషి నిలబడడమే కష్టమైన ఏటవాలు పలకరాతి కొండల మీద, రీస్లింగ్ ద్రాక్ష పండిస్తారు. పగలంతా వేడెక్కిన పలకరాయి ఆ చల్లని ప్రాంతంలో కాయలు పండడానికి సాయపడుతుంది. అక్కడి కబినెట్ తరగతి వైన్లలో ద్రాక్ష తీపి కొంత మిగిల్చినవాటిలో ఆల్కహాల్ తరచు 8, 9 శాతమే ఉంటుంది. తీపి మంటను తగ్గిస్తుంది, పులుపు ఆ తీపిని మొహం మొత్తనివ్వదు. బాగా చల్లగా తాగండి. సీసా మీద ట్రోకెన్ అని ఉంటే అది తీపి లేనిదని గుర్తు, మీ అవసరానికి అది పనికిరాదు.

ప్రశ్న: ఫ్రాన్స్, ఇటలీ సీసాల మీద ద్రాక్ష పేరే ఉండదు. కొనేవాడికి ఎలా తెలియాలి? (విశ్రాంత ఇంజినీరు)

జవాబు: అక్కడ ఊరి పేరులోనే ద్రాక్ష పేరు దాగి ఉంటుంది. ఏ హద్దుల్లో, ఏ ద్రాక్షతో, ఏ పద్ధతిలో చేస్తే ఆ పేరు పెట్టుకోవచ్చో చట్టం చెబుతుంది. ఈ ఆలోచన పాతది. ఇటలీలోని కియాంతీ హద్దులను 1716లో, హంగరీలోని తొకాయ్ హద్దులను 1737లో, పోర్చుగల్‌లోని దోరు లోయ హద్దులను 1756లో పాలకులు నిర్ణయించారు. ఫ్రాన్స్ 1935లో దేశమంతటికీ చట్టం చేసింది. మరుసటి ఏడాది గుర్తింపు పొందిన మొదటి పేర్లలో జురాలోని ఆర్బ్వా ఒకటి. లూయీ పాశ్చర్ పెరిగిన ఊరు అది.

మీకు అవసరమైనవి కొన్నే. ఫ్రాన్స్‌లోని షబ్లీ అంటే షార్డొనే ద్రాక్ష. తెల్ల సాన్‌సేర్ అంటే సోవిన్యోఁ బ్లాఁ. ఎర్ర బుర్గుండీ అంటే దాదాపు ఎప్పుడూ పినో న్వార్. బరోలో అంటే నెబ్బియోలో. కియాంతీ క్లాసికోలో కనీసం 80 శాతం సాన్జొవేసె. స్పెయిన్ రియోహా సీసా మీద వైన్ వయసు కూడా రాసి ఉంటుంది. ఎర్ర వైన్ అయితే క్రియాన్సాకు కనీసం రెండేళ్లు, రిసెర్వాకు మూడు, గ్రాన్ రిసెర్వాకు ఐదు. అక్కడ కత్తిరించిన ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద లేత గొర్రె మాంసం కాలుస్తారు. దానికి ఖరీదైన గ్రాన్ రిసెర్వా అక్కర్లేదు, పండు రుచి ఇంకా తాజాగా ఉన్న క్రియాన్సానే నేను ఎంచుకుంటాను.

ప్రశ్న: షబ్లీ నేలలో ప్రాచీన ఆయిస్టర్ శిలాజాలు ఉన్నాయట. వైన్‌లో ఆ రుచి తెలుస్తుందని చదివాను. (కళాశాల అధ్యాపకురాలు)

జవాబు: శిలాజాలు ఉన్న మాట నిజం. షబ్లీ మంచి తోటలు కిమ్మెరిడ్జియన్ అనే జురాసిక్ యుగపు సున్నపురాతి మట్టి మీద ఉన్నాయి, అందులో కామా గుర్తు ఆకారంలో ఉండే చిన్న ఆయిస్టర్ చిప్పలు కనిపిస్తాయి. రుచి మాట వేరు. వేరు రాతిని పీల్చదు, నీటిలో కరిగిన లవణాలను అతి కొద్దిగా తీసుకుంటుంది. రాతికి రుచీ లేదు. నేల పనిచేసే తీరు ఇంకోలా ఉంటుంది. నీటిని ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వేడెక్కుతుంది, తీగను ఎంత అదుపులో పెడుతుంది అన్నవి కాయ పులుపును, పక్వాన్ని మారుస్తాయి. షబ్లీ చల్లని ప్రాంతం కాబట్టి పులుపు నిలుస్తుంది. చాలామంది కొత్త కొయ్య పీపాలు వాడరు కాబట్టి ఆ పులుపు మీద ముసుగు ఉండదు. ఆయిస్టర్లతో షబ్లీ బాగుండడానికి ఇంతకుమించి కారణం అక్కర్లేదు. తడిసిన రాతి వాసన అని మీకనిపిస్తే రాసుకోండి, అది మంచి వర్ణనే. వర్ణనను రసాయనశాస్త్రం అనుకోకపోతే చాలు.

ప్రశ్న: చీజ్ పళ్లెంతో ఎప్పుడూ ఎర్ర వైనేనా? (గృహిణి)

జవాబు: నా బల్ల మీద అయితే పదిలో ఎనిమిది సార్లు తెల్ల వైనే. మెత్తని చీజ్‌లు వగరుతో కలిసి నోట్లో లోహపు చేదు మిగులుస్తాయి. ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో ఘాటైన మున్‌స్టెర్ చీజ్‌తో గెవుర్‌స్ట్రామినర్ అనే సువాసనల తెల్ల వైన్ తాగుతారు. ఎర్ర వైనే కావాలంటే గట్టిగా మాగిన చీజ్‌లు ఎంచుకోండి. ఇటలీ ఎమీలియా ప్రాంతంలో పార్మిజానో చీజ్‌తో, పంది మాంసపు పలుచని ముక్కలతో నురగలు కక్కే ఎర్రని లంబ్రుస్కో ఇస్తారు. కొవ్వును నురగ చెదరగొడుతుంది. ఆ వైన్‌కు రావలసినంత గౌరవం రాలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆరోగ్య కారణాల వల్ల మద్యం మానేశాను. ఈ శీర్షిక మాత్రం వదలకుండా చదువుతున్నాను. నాకేమైనా చెబుతారా? (పాత పాఠకుడు)

జవాబు: మానేసి మంచి పని చేశారు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్ నా వృత్తి అయినా ఆ మాటను నేను దాచను. ఎవరైనా వద్దంటే రెండోసారి అడగకూడదన్నది నా నియమం. వృత్తిలో ఉన్నవాళ్లు రుచి చూసి ఉమ్మేసేది కూడా ఇందుకే, అందులో అమర్యాద ఏమీ లేదు.

మీకు నచ్చిన తర్కం మాత్రం మీ దగ్గరే ఉంది. వగరు కావాలంటే చల్లార్చిన బ్లాక్ టీ ఉంది, అందులోనూ టానిన్లే. కొవ్వు ఉన్న వంటకంతో పంచదార లేకుండా తాగి చూడండి. పులుపు కావాలంటే ఇంకా పండని ద్రాక్ష కాయల రసం ఉంది. ఫ్రాన్స్ వంటల్లో నిమ్మరసం బదులు వాడతారు, సోడాలో కలిపితే సాన్‌సేర్ చేసే పనిలో చాలా భాగం చేస్తుంది.

ప్రశ్న: ఎంత చల్లగా తాగాలి? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: నురగ వైన్ 6 నుంచి 8 డిగ్రీలు, తెల్లవి 8 నుంచి 12, తేలికైన ఎర్రవి 13 దగ్గర, బరువైన ఎర్రవి 16 నుంచి 18. గది వేడిలో ఉంచిన ఎర్ర వైన్‌లో ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. వడ్డించే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. వాఁ జోన్‌ను మాత్రం అంత చల్లగా ఇవ్వకండి, 14 డిగ్రీల కింద దాని వాసనలు ముడుచుకుపోతాయి.

ప్రశ్న: ఇంట్లో ఇద్దరమే. తెరిచిన సీసా ఎన్ని రోజులు ఉంటుంది? (ఒక గ్రంథాలయ ఉద్యోగి)

జవాబు: బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే, ఎర్రదైనా తెల్లదైనా, మామూలు వైన్ మూడు నాలుగు రోజులు బాగుంటుంది. మస్కదే లాంటి సున్నితమైనవి రెండో రోజుకే ముగించండి. ఫినో షెర్రీని స్పిరిట్ కలిపింది కదా అని నెలల తరబడి అల్మారాలో ఉంచుతారు, అలా చేయకండి. ఈస్ట్ పొర లేకుండా అది గాలిని తట్టుకోలేదు, వారంలోపు తాగేయాలి. పీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగిలి మాగిన టానీ పోర్ట్ కొన్ని వారాలు నిలుస్తుంది. అట్లాంటిక్ సముద్రంలోని మదైరా దీవి వైన్‌ను తయారీలోనే వేడి చేస్తారు, గాలి తగలనిస్తారు. ఇక దానికి కొత్తగా జరిగే నష్టం లేదు కాబట్టి తెరిచాక కూడా నెలల తరబడి చెక్కుచెదరదు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక సీసా ఎప్పుడూ ఉంచుకోదగినది అదే. సెర్సియాల్ అని రాసి ఉన్నది కొనండి, తీపి తక్కువ. భోజనానికి ముందు ఉప్పు వేసి వేయించిన బాదం పప్పులతో కొంచెం కొంచెంగా తాగవచ్చు. మిగతా సీసాల మీద తెరిచిన తేదీ రాసి పెట్టుకోండి.